రెండేళ్ళ ఖాళీ

ప్రొద్దుటూరు,
18 మే 2025

ఫుప్పూకు,

ఆఫ్రీన్ సలాములు. కుట్టుమిషను ఆపి, కళ్ళజోడు పెట్టుకుని, తీరిగ్గా కూర్చుని చదువు. ఇది చిన్న ఉత్తరం కాదు.

సీటు వచ్చింది. జర్మనీలో, రాళ్ళ చదువు, రెండేళ్ళు. పొద్దున మెయిల్ చూసి అమ్మీకి చెబితే పొయ్యి మీద పాల సంగతే మరిచిపోయింది. అబ్బా, అదే నీ తమ్ముడు, జమ్మలమడుగు ఫ్యాక్టరీ నుంచి ఒంటి నిండా బండల దుమ్ముతో వచ్చి, "రాళ్ళ గురించి సదవడానికి అంత దూరం పోవల్లనా? నన్నడుగు, నేను జెప్తా" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా నాపబండలకు పాలిష్ పడుతున్న మనిషి, ఆయన అనడంలో తప్పేముంది. స్కాలర్‌షిప్ కూడా వచ్చింది కాబట్టి ఖర్చు గురించి అబ్బా బెంగ పెట్టుకోవాల్సిన పని లేదు. ఇక మిగిలింది వీసా.

నీకు జ్వరమొచ్చి రెండు చెవులూ మూసుకుపోయాక రెండేళ్ళు పులివెందులలో నీ పక్కనే కూర్చుని రాసి మాట్లాడాను కదా, నువ్వే పట్టుబట్టి పంపించాక ఈడికి వచ్చి ఐదు నెలలైనా ఆ అలవాటు పోలేదు. అమ్మీ ఏదైనా అడిగితే చెయ్యి పెన్ను కోసం వెతుక్కుంటుంది. వాట్సాప్ ఫోను పంపిస్తానంటే నువ్వు వద్దన్నావు, ఇప్పుడు చూడు, నా ఉత్తరాలన్నీ చదవాల్సి వస్తోంది.

వీసా కాగితాల్లో ఒక ఉత్తరం పెట్టాలి, నేనెవరు, ఈ చదువే ఎందుకు అని. దాంట్లో నీ పెరట్లో బట్టలుతికే బండ గురించి రాశాను. నవ్వకు. ఎర్రగడ్డను అడ్డంగా కోసినట్టు దాని మీద గుండ్రంగా గీతలుంటాయి చూడు, అవి గీతలు కావు. ఒకప్పుడు మీ వేంపల్లె, పులివెందుల అంతా లోతులేని సముద్రం. ఆ నీళ్ళలో కంటికి కనపడని జీవులు పొర మీద పొర కట్టుకుంటూ బతికాయి, ఆ పొరలే రాయి అయ్యాయి. అది జరిగి సుమారు రెండు వందల కోట్ల ఏళ్ళు. అప్పటికి భూమ్మీద గడ్డిపోచ లేదు, చేప లేదు, చీమ లేదు. ఫుప్పూ, మనం పీల్చే గాలిని మొదట తయారు చేసింది అట్లాంటి జీవులేనట. ఆ సంగతి చదివిన రోజు నాకు ఒళ్ళంతా జలదరించింది. నువ్వేమో దాని మీద నా చుడీదార్లు ఉతికేదానివి.

జవాబు రాయి. చెవుల్లో చుక్కల మందు మానొద్దు.

నీ ఆఫ్రీన్


పులివెందుల,
25 మే 2025

ఆఫ్రీన్ బేటీకి ఫుప్పు దిల్షాద్‌బీ దువా.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి సీటు కోసం, మిగతా మూడుసార్లు బండ కోసం. రెండు వందల కోట్లు అని నువ్వు సులువుగా రాసేశావు. నాకు కోటి దాకా లెక్క తెలుసు, అది కూడా ఓట్లప్పుడు వాళ్ళూ వీళ్ళూ మాట్లాడుకుంటే విన్నదే. నా అత్త, ఆమె అత్త, ఆమెకు అత్త అని వెనక్కి పోతూ పోతూ చూశాను. పది మంది అత్తల దగ్గరే నాకు కళ్ళు తిరిగాయి.

ఉత్తరం వచ్చిన రోజు నుంచి ఆ బండ మీద ఉతకలేదు. నీళ్ళు పోసి కడిగి, మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. ముప్పై రెండేళ్ళు దాని మీద బట్టలు బాదాను బేటీ, ఒక్కనాడూ దాని ముఖం చూడలేదు. అల్లా ఎంత ఓపికగా చేశాడు, ఎవరూ చూడకముందే ఎంత పని చేసిపెట్టాడు అనుకుంటూ దాన్ని కొంగుతో తుడిచాను. పక్కింటి వనజమ్మ గోడ మీదుగా తొంగిచూసి, "ఏందక్కా, బండకు నమాజు చేస్తాండావా?" అంది. విషయం చెప్పాను. "ఇట్లాటివి మా చీనీతోట గట్టు మీద బండ్లకొద్దీ ఉండాయి, మా బర్రెలు వాటి మీదనే పండుకుంటాయి" అని తేల్చేసింది. సాయంత్రం మళ్ళీ తనే మొగుణ్ణి తీసుకొచ్చి చూపించింది.

ఒక అనుమానం. వీసా సెంటర్‌లో ఒరిజినల్స్ అడుగుతారని పాస్‌పోర్టు అప్పుడు నువ్వే చెప్పావు. బండ గురించి రాశావు, మరి దాని ఒరిజినల్ నా ఇంట్లో ఉంది కదా. చీనీకాయల లారీ వాళ్ళను అడిగితే, "పెల్లగించడానికి నలుగురు మనుషులు కావల్ల, హైదరాబాదుకైతే మాకు దారే" అన్నారు. కావాలంటే రాయి, ఏర్పాటు చేస్తాను.

చుక్కల మందు గురించి ఎందుకు పోరు పెడతావు. వేసుకుంటున్నాను.

దువాలతో
నీ ఫుప్పు


ప్రొద్దుటూరు,
11 జూన్ 2025

ఫుప్పూ,

బండను కదిలించొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఒరిజినల్స్ అంటే కాగితాలు మాత్రమే.

బక్రీద్‌కు నువ్వు రాలేదని అబ్బా చిన్నబుచ్చుకున్నాడు. నీ వాటా ఫ్రిజ్‌లో పెట్టి, మూడో రోజు తనే తిన్నాడు.

వీసా పద్ధతి మారిపోయింది ఫుప్పూ. ఇప్పుడు అన్ని కాగితాలూ ముందు కంప్యూటర్‌లో ఎక్కించాలి. యాడనో కూర్చుని ఒక ఆఫీసరు వాటిని ఒక్కొక్కటీ తెరిచి చూస్తాడు. సరిగా ఉన్నాయనుకుంటేనే హైదరాబాదు సెంటర్‌కు తారీఖు ఇస్తారు. ఆ రోజు ఒరిజినల్స్ చూపించి, పది వేళ్ళ ముద్రలూ ఇవ్వాలి. ఇంకో మాట, ఇంతకుముందు వీసా ఇవ్వకపోతే "మళ్ళీ ఒకసారి చూడండి" అని ఉత్తరం రాసి మొర పెట్టుకునే వీలుండేది. జూలై ఒకటి నుంచి అది తీసేస్తున్నారు. కాదంటే కాదు. మళ్ళీ మొదటి నుంచి రావాలి, లేదంటే వాళ్ళ దేశంలో కోర్టుకు పోవాలి. అక్టోబరులో క్లాసులు. అంటే నాకున్నది ఒక్క అవకాశం.

కాగితాలు సర్దడానికి గాంధీ రోడ్డులో నరేష్ అని ఒక కన్సల్టెంట్ దగ్గరికి పోయాం. మంచోడే. నా డిగ్రీ చూశాడు, మార్కులు చూశాడు, అంతా బాగుందని చెప్పి చివర్లో పెన్ను ఒక చోట ఆపాడు. "మేడమ్, డిగ్రీ ఐపోయి రెండేళ్ళు ఖాళీ ఉంది. ఈ రెండేళ్ళు ఏం జేస్తాన్నారని అడుగుతారు. ఖాళీ జూస్తే వాళ్ళకు అనుమానం" అన్నాడు. అత్త దగ్గర ఉన్నానని చెప్పాను. "దానికి సర్టిఫికెట్ యాడిస్తారు మేడమ్?" అన్నాడు.

అబ్బా ఉపాయం ఆలోచించాడు. ఫ్యాక్టరీ యజమాని నారాయణప్పను అడిగి, ఆ రెండేళ్ళు నేను అక్కడ బండల నాణ్యత చూసే ఉద్యోగం చేశానని లెటర్ రాయిస్తున్నాడు. రాళ్ళ చదువుకు రాళ్ళ ఉద్యోగం, బాగా కుదురుతుందని నరేష్ కూడా అన్నాడు. జూలై ఐదు లోపల అన్నీ ఎక్కించాలి.

నీ ఆఫ్రీన్


పులివెందుల,
16 జూన్ 2025

ఆఫ్రీన్‌కు,

ఉత్తరం అందింది.

నువ్వు ఆ రెండేళ్ళు జమ్మలమడుగులో బండలు చూస్తూ ఉంటే, ఈడ నాకు సంగటి కెలికి పెట్టింది ఎవరు? కడప ఆసుపత్రికి నా చెయ్యి పట్టుకుని తిప్పింది ఎవరు? నేను ఏమీ వినపడక గోడకేసి తల కొట్టుకుంటుంటే నా నెత్తికి అడ్డంగా దిండు పెట్టింది ఎవరు?

ఖాళీ అని రాశావు. చదువుకున్నదానివి, నీకే తెలియాలి.

ఫుప్పు


ప్రొద్దుటూరు,
20 జూన్ 2025

ఫుప్పూ,

ఖాళీ అన్నది నేను కాదు, నరేష్. నీకు కోపం వచ్చిందని అర్థమైంది. కానీ నీ కోపం ఆ మాట మీదేనా? సీటు వచ్చిందని రాస్తే నువ్వు బండ గురించి రెండు పేజీలు రాశావు, నేను పోవడం గురించి ఒక్క ముక్క రాయలేదు. పోవడం నీకు ఇష్టం లేకపోతే ఆ మాటే రాయి.

నేనేం చెయ్యాలి చెప్పు. అన్నం వండినందుకు, మందు వేసినందుకు ఏ ఆఫీసులో ముద్ర వేస్తారు? ఆడపిల్ల ఇంట్లో చేసిన పనికి కాగితం ఉండదు. "అత్తను చూసుకున్నా" అని ఊరికే రాస్తే నమ్మరట. నాకు అబద్ధం రాయాలని సరదానా? ఒక్కసారి కాదంటే అడగడానికి కూడా దారి లేదు.

మనసులో ఏముందో రాయి. గమ్మున ఉండొద్దు.

ఆఫ్రీన్


ప్రొద్దుటూరు,
27 జూన్ 2025

ఫుప్పూ,

అబ్బా నిన్న రాత్రి ఇంటికి వచ్చి చెప్పాడు. తను బండల లోడుతో బయటికి పోయిన సమయంలో నువ్వు ముద్దనూరులో బస్సు మారి జమ్మలమడుగు ఫ్యాక్టరీకి పోయావట. అందరి ముందూ నారాయణప్పను నిలబెట్టి, ఆ లెటర్ మీద సంతకం పెట్టొద్దన్నావట. "మా ఆపా నా మర్యాద తీసింది" అని అబ్బా అన్నం ముట్టకుండా పడుకున్నాడు. నారాయణప్ప ఇక ఆ లెటర్ ఇవ్వడు.

ఎనిమిది రోజులే ఉన్నాయి. నా చేతిలో ఏమీ లేదు. నేను ఈ ఊర్లోనే ఉండిపోవాలని నీకు అంతగా ఉంటే నాతో చెప్పాల్సింది. నేను వినేదాన్ని. ఇంతకుముందు ఒకసారి నీ కోసం ఉండిపోయాను కూడా.

ఇంకేం రాయాలో తెలియడం లేదు.

ఆఫ్రీన్


పులివెందుల,
27 జూన్ 2025

ఆఫ్రీన్ బేటీకి,

ఈ ఉత్తరం బస్సులో వచ్చే మూటలో పైన పెడుతున్నాను. కార్గో వాళ్ళు ఫోన్ చేస్తారు, పోయి తెచ్చుకో. బండ కాదు, భయపడొద్దు.

నిన్న జమ్మలమడుగు పోయివచ్చాను. మీ అబ్బా నీకు చెప్పే ఉంటాడు, తిట్టే ఉంటాడు. నారాయణప్ప పెద్దమనిషి. కుర్చీ వేయించి మజ్జిగ ఇప్పించాడు. "మీ బిడ్డ బాగుపడ్తాదని రాస్తాండా గానీ నాకేం లాభం దిల్షాద్‌బీ?" అన్నాడు. ఆయనను తప్పు పట్టలేదు. ఒక్క మాటే చెప్పాను, అప్పా, ఆ రెండేళ్ళు నా బిడ్డ నా ఇంట్లో ఉంది, ఆ రెండేళ్ళను నా నుంచి తీసి మీ ఫ్యాక్టరీకి రాయొద్దు అని. ఆయన పెన్ను మూత పెట్టేశాడు.

నువ్వు పోవడం నాకు ఇష్టం లేదనుకుంటున్నావు. పిచ్చిదానా. నువ్వు పోవాలి. అబద్ధం మెడకు కట్టుకుని పోకూడదు, అంతే. ఒక అబద్ధం లోపల పెట్టుకుని రోజూ అన్నం తినడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు.

సాక్ష్యం యాడ ఉందని అడిగావు. ఈ మూటలో ఉంది. నువ్వు నాతో రాసి మాట్లాడిన పుస్తకాలు. ఇరవై మూడు. అయిపోయినవి పొయ్యిలోకి వెయ్యమని నువ్వు చెప్పేదానివి. వేస్తున్నానని చెప్పి బియ్యం డ్రమ్ము వెనక దాచాను. ప్రతి పేజీ పైన నీ అలవాటు ప్రకారం తారీఖు వేశావు, కొండలకు పోయినప్పుడు నీ రాళ్ళ పుస్తకంలో వేసుకునేదానివి చూడు, అట్లా. ఇవి ఒరిజినల్స్ కావా? నీ ఆఫీసరుకు ఇంతకంటే పెద్ద ఒరిజినల్ ఎవరు చూపిస్తారు?

తడవకుండా ప్లాస్టిక్ కవరు చుట్టాను. లెక్కపెట్టుకుని తీసుకో.

నీ ఫుప్పు


ప్రొద్దుటూరు,
4 జూలై 2025

ఫుప్పూ,

నా ఇరవై ఏడో తారీఖు ఉత్తరం నీకు అందే ఉంటుంది. దాన్ని చించెయ్యి. ఇది మాత్రం దాచి పెట్టుకో, బియ్యం డ్రమ్ము వెనకే.

మూట విప్పి ఆరు రోజులైంది. మొదటి మూడు రోజులు ఇంట్లో ఎవరం పని చెయ్యలేదు. అమ్మీ ఒక పుస్తకం, నేను ఒక పుస్తకం. రెండేళ్ళు ఇన్ని మాటలు మాట్లాడానా నేను? ఎవరి మాటలైనా గాలిలో పోతాయి ఫుప్పూ. నావి పోలేదు. నేను బతికిన రోజులు పొర మీద పొరగా నా ముందు ఉన్నాయి, నేను వాటిని చేత్తో తిప్పుతున్నాను. భయం లాంటిది వేసింది. మసీదులోకి అడుగు పెట్టినప్పుడు గొంతు దానంతటదే తగ్గిపోతుంది చూడు, మా ఇంట్లో మూడు రోజులు అట్లా ఉంది.

"12 మార్చి 2023. చుక్కలు రోజుకు మూడుసార్లు అన్నాడు డాక్టరు. కుడి చెవికి ముందు."

"30 ఏప్రిల్ 2023. ఏడవడం లేదు ఫుప్పూ, ఎర్రగడ్డలు కోస్తున్నా."

"9 ఆగస్టు 2023. వేంపల్లె కొండలో ఈ రోజు మూడు రకాల వలయాలు చూశాను. బొమ్మ వేస్తా, చూడు." కింద బొమ్మ. బొమ్మ పక్కన సంగటి మరక.

"అవును. కాదు. అవును. సరే తిను ముందు." ఒక పేజీ అంతా ఇంతే. నువ్వు నోటితో అడిగినవి దాంట్లో లేవు, నా జవాబులే ఉన్నాయి. అయినా చదువుతుంటే నీ ప్రశ్నలన్నీ వినిపించాయి నాకు.

మూడో రోజు అబ్బా వచ్చి నిలబడే ఒక పుస్తకం తీసుకున్నాడు. చాలాసేపు తిప్పాడు. "మా అక్కకు రెండేండ్లు నేను ఒక్క ముక్క రాయలే. చేతులు తిప్పి చూపిచ్చి వచ్చేస్తాంటి" అన్నాడు. ఇక నీ మీద కోపం లేదు ఆయనకు.

నరేష్ దగ్గరికి మూట పట్టుకుని పోయాను. పది నిమిషాలు చదివి, "మేడమ్, ఇట్లాంటి డాక్యుమెంట్ నా సర్వీసులో సూడలే" అన్నాడు. దీనికి తను బాధ్యత తీసుకోలేనని, నా ఇష్టపూర్వకంగా పెడుతున్నానని సంతకం చేయించుకున్నాడు. చేశాను. ఉన్నది ఉన్నట్టు ఒక పేజీ రాశాను. రెండేళ్ళు మా అత్తకు చెవులు వినపడక నేను రాసి మాట్లాడాను, ఆమె నిద్రపోయిన మధ్యాహ్నాల్లో కొండలకు పోయి రాళ్ళు చూశాను అని. తొమ్మిది పేజీలు ఎంచి, కడపలో ముద్ర వేసి సంతకం పెట్టే అనువాదకుడితో ఇంగ్లీషు చేయించి, ఆసుపత్రి చీటీలతో కలిపి ఎక్కించాం.

నేను రాసిన మాటలకు క్షమించు. నోటితో అనే వీలు లేక చేత్తో అనేశాను.

నీ ఆఫ్రీన్


పులివెందుల,
12 జూలై 2025

ఆఫ్రీన్ బేటీ,

చించమన్న ఉత్తరం చించలేదు. నీ చేత్తో రాసింది ఏదీ చించను, తిట్టినా సరే. అయితే దాంట్లో ఒక మాట ఉంది, ఇంతకుముందు ఒకసారి నా కోసం ఉండిపోయానని. అది చదివి రెండు రోజులు మిషను మీద కూర్చోలేకపోయాను.

ఇప్పుడు నాకు భయం పట్టుకుంది. పెద్ద మొనగత్తెలాగా జమ్మలమడుగు పోయి వచ్చాను. ఆ ఆఫీసరుకు నీ పుస్తకాలు చిత్తుకాగితాలుగా కనిపిస్తే? కాదంటే మొర పెట్టుకోవడానికి కూడా లేదంటివి. అంత పెద్ద దేశానికి సంగటి మరక పంపించాం. నేను వచ్చి చెబితే వింటారా? నాకు భయం లేదు, హైదరాబాదు బస్సు ఎక్కి వస్తాను.

ప్రతి నమాజులో ఆ ఆఫీసరుకు కూడా దువా చేస్తున్నాను. పేరు తెలియదు కాబట్టి, నా బిడ్డ కాగితం చూసేవాళ్ళు అని చెప్పుకుంటున్నాను. వాళ్ళ కళ్ళు బాగుండాలి, వాళ్ళ ఇంట్లో ఆ రోజు గొడవ ఉండకూడదు అని.

నీ ఫుప్పు


హైదరాబాదు,
14 ఆగస్టు 2025

ఫుప్పూ,

ఈ రోజు సెంటర్ పని అయిపోయింది. బస్సుకు ఇంకా టైముంది, స్టేషన్ బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. అబ్బా పక్కనే అరటిపండ్లు తింటున్నాడు.

ఎంత పెద్ద హాలో. ఎక్కడెక్కడి పిల్లలో. ప్రతి ఒక్కరి చేతిలో ఒక ఫైలు, ఒక్కొక్కరి బతుకంతా ఆ ఫైల్లో ఉంది. ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. నా నంబరు పిలిచారు. గాజు అద్దం మీద వేళ్ళు పెట్టమన్నారు. పచ్చటి వెలుతురు వచ్చి తెర మీద నా వేళ్ళ గీతలు ఇంతింత పెద్దవిగా కనిపించాయి. నా చేతిలో అవి ఇన్నాళ్ళూ ఉన్నాయని నాకే తెలియదు. చూస్తూ ఉండిపోయాను, "చెయ్యి తీయొచ్చు అమ్మా" అని రెండుసార్లు చెప్పారు.

తరువాత కిటికీ దగ్గర దీప్తి అని బ్యాడ్జీ ఉన్న ఒకామె ఒరిజినల్స్ అడిగింది. మార్కుల షీట్లు అయ్యాక, "నోట్‌బుక్స్?" అంది. సంచి ఎత్తి ఇరవై మూడూ పెట్టాను. ఆమె తెలుగామె. పోల్చి చూడాల్సింది తొమ్మిది పేజీలే. పదో పేజీ కూడా తిప్పింది. ఇంకొకటి తిప్పింది. వెనక వరుసలో వాళ్ళు దగ్గుతున్నారు. తల ఎత్తకుండానే, "మీ అత్తగారు ఇప్పుడెట్లా ఉన్నారు?" అని అడిగింది. బాగున్నారని, ఉత్తరాలు రాస్తారని చెప్పాను. పుస్తకాలు రెండు చేతులతో సర్ది, అంచులు సరిచేసి ఇచ్చింది. "నిర్ణయం మా చేతిలో ఉండదు, పంపించడం వరకే" అని మెల్లగా చెప్పింది.

వస్తుందో రాదో తెలియదు. కానీ ఫుప్పూ, బయటికి వచ్చి మెట్ల మీద నిలబడితే నా కాళ్ళకు బరువే లేదు. నేను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. ఎవరు ఏ వైపు నుంచి అడిగినా ఒకటే జవాబు.

నీ ఆఫ్రీన్


ప్రొద్దుటూరు,
11 సెప్టెంబర్ 2025

ఫుప్పూ,

వీసా వచ్చింది.

పాస్‌పోర్టులో అతికించి ఉంది, నా ఫొటోతో. అబ్బా దాన్ని వెలుతురుకు పెట్టి, బండ పాలిష్ చూసినట్టు అటూ ఇటూ వంచి చూశాడు. అమ్మీ దాన్ని ముట్టుకోవడానికి, నమాజుకు ముందులాగా కాళ్ళూ చేతులూ కడుక్కుని వుజూ చేసుకుని వచ్చింది. నాకు ఇంకా నమ్మకం కుదరలేదు. ఎవరో ఒక మనిషి, నన్ను ఎప్పుడూ చూడని మనిషి, నా "సరే తిను ముందు" చదివి, రమ్మన్నాడు.

ఇరవై ఎనిమిదిన ప్రయాణం. నరేష్ తన ఆఫీసులో స్వీట్లు పంచి, "సత్యంగా పెట్టినాం, సత్యంగా వచ్చింది" అని అందరికీ చెబుతున్నాడట, సంతకం చేయించుకున్న సంగతి మాత్రం చెప్పడం లేదు.

నువ్వు లేకపోతే ఇది లేదు.

నీ ఆఫ్రీన్


పులివెందుల,
15 సెప్టెంబర్ 2025

ఆఫ్రీన్ బేటీకి ఫుప్పు రాసేది.

నీ ఉత్తరం కళ్ళకద్దుకున్నాను. రెండు రకాతులు షుక్రానా నమాజు చదువుకుని, ఇది రాయడానికి కూర్చున్నాను. ఇంతకుముందు ఐదుసార్లు మొదలుపెట్టి ఆపేశాను.

నాకు చెవులు వినిపిస్తాయి.

రెండూ కాదు, కుడిది. పోయిన సంవత్సరం రంజాన్ నెలలో, ఒక మధ్యాహ్నం. ఎవరో తలుపు కొడుతున్నారనిపించింది. లేచి పోతే ఎవరూ లేరు. పెరట్లో నువ్వు బండ మీద దుప్పటి ఉతుకుతున్నావు. ఆ దబదబే. సంవత్సరం పైన అయింది నేను చప్పుడు విని. గోడ పట్టుకుని నిలబడిపోయాను. నీళ్ళు కారడం వినిపించింది. కాకి వినిపించింది. పుట్టిన బిడ్డకు లోకం ఇట్లాగే మొదలవుతుందేమో అనిపించింది. నిన్ను పిలవబోయాను. అంతలో నీకు ఫోన్ వచ్చింది. తడి చేత్తో తీసుకున్నావు. "వద్దులే, సీటొచ్చినా నేను యాడికీ పోలేను. ఫుప్పూకు నేను తప్ప ఎవురుండారు" అన్నావు. ఆ చెవితో నేను విన్న మొదటి మనిషి మాట అది.

అప్పుడే నేను ముందుకు వచ్చి, నాకు వినిపిస్తోంది, పో అనాలి. అనలేదు. ఈ ఒక్క రోజు అనుకున్నాను. ఈదు పండగ దాకా అనుకున్నాను. నువ్వు పక్కన కూర్చుని, నా ముఖం చూసి, ఒక్కొక్క అక్షరం రాసి నాకు చూపిస్తుంటే, నా బతుకులో ఎవరూ నాతో అంత శ్రద్ధగా మాట్లాడలేదు. అది పోతుందని భయం. అట్లా తొమ్మిది నెలలు. నువ్వు ఊరికి పోయాక చెప్పడానికి ముఖం చెల్లలేదు. వనజమ్మకు తెలుసు. నారాయణప్ప మాటలు, లారీ వాళ్ళ మాటలు నీకు ఉత్తరాల్లో రాస్తూనే ఉన్నాను, నువ్వు పట్టుకుంటావేమోనని. నువ్వు నా మీద అనుమానం పెట్టుకోలేదు.

నరేష్ ఖాళీ అన్న రెండేళ్ళలో ఒకటి నేను నీ దగ్గర దొంగిలించింది. అందుకే జమ్మలమడుగు పోయాను. నువ్వు నిజంగా నాకు చేసిందాన్ని కూడా అబద్ధం కిందికి తోసేస్తే నేను ఏమై బతకాలి? వీసా రాకముందు చెబితే కిటికీ దగ్గర నువ్వు తడబడతావని ఆగాను. అది సగమే నిజం. మిగతా సగం పిరికితనం.

నువ్వు అబద్ధం చెప్పలేదు. నువ్వు చేసిందంతా నిజం. అబద్ధం నాది ఒక్కదానిదే. దువా అడిగే హక్కు కూడా నాకు లేదు, నీకు ఇవ్వడం వరకే.

దిల్షాద్


ప్రొద్దుటూరు,
18 సెప్టెంబర్ 2025

ఫుప్పూ,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. అమ్మీకి, అబ్బాకు చూపించలేదు.

ఆదివారం పొద్దున ఎనిమిది గంటల బస్సుకు వస్తున్నాను. స్టాండుకు రావొద్దు, ఇంట్లోనే ఉండు. అడగాల్సినవి ఉన్నాయి, తిట్టాల్సినవి ఉన్నాయి, వేరేవి కూడా ఉన్నాయి. ఒక్కటీ రాయను. కుడి పక్కన కూర్చుంటాను.

ఆఫ్రీన్